ఫైటర్ చేప నీళ్ళ వేడి: వైజాగ్‌లో పెంచేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

డిసెంబర్ రాగానే "హీటర్ కొనాలా" అని, ఏప్రిల్ రాగానే "నీళ్ళు కాలిపోతున్నాయి ఏం చేయాలి" అని ఏటా అవే సందేహాలు వస్తుంటాయి. అందుకే అన్నీ ఒకచోట పెట్టేశాను. ఇక్కడ డిగ్రీలంటే అన్నీ సెల్సియస్‌లోనే.

## కొనక ముందు

ఫైటర్‌కి నీళ్ళు ఎన్ని డిగ్రీలు ఉండాలి? ఒక్కొక్కరు ఒక్కో నంబర్ చెప్తున్నారు

24 నుంచి 28 మధ్య ఎక్కడున్నా బాగానే ఉంటుంది, 26 దగ్గర ఉంటే ఇంకా మంచిది. ఇది థాయ్‌లాండ్, ఆ చుట్టుపక్కల దేశాల్లో వరి మడుల్లో, కాలువల్లో, లోతు లేని నీళ్ళల్లో పెరిగే చేప. అక్కడ కూడా పగలు నీళ్ళు వేడెక్కుతాయి, రాత్రి చల్లబడతాయి, కాబట్టి రోజులో ఒకటి రెండు డిగ్రీల తేడాకి దానికేం కాదు. నిన్న 26.5 ఉంది, ఇవాళ 25.8 ఉంది అని టెన్షన్ పడేవాళ్ళని చూస్తే నవ్వొస్తుంది. రెండు మూడు గంటల్లోనే నాలుగైదు డిగ్రీలు మారిపోతే అప్పుడు పట్టించుకోవాలి. రోజంతా నిలకడగా 24 ఉండే నీళ్ళు, పొద్దున 22 సాయంత్రం 29 చూపించే నీళ్ళకంటే ఎంతో నయం.

వైజాగ్‌లో కూడా హీటర్ కావాలా? "చేపకి హీటరేంట్రా" అని మా నాన్న నవ్వుతున్నారు

మీ నాన్నగారి మాటలో సగం న్యాయం ఉంది. ఏడాదిలో ఎక్కువ నెలలు మన ఊళ్ళో హీటర్ పని పడదు. డిసెంబర్ సగం నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకా మాత్రం తెల్లవారుజామున బయట 20 కిందకి కూడా దిగుతుంటుంది, ఆ రోజుల్లో ఇంటిని బట్టి నీళ్ళు 22, 23కి వచ్చేస్తాయి. బీచ్ రోడ్డు వైపు ఇళ్ళలో సముద్రం వల్ల రాత్రి చలి తక్కువ, పెందుర్తి, సింహాచలం వైపు లోపలికి వెళ్ళేకొద్దీ ఎక్కువ. పై అంతస్తు, కింది అంతస్తు కూడా ఒకటి కాదు. ఎవరో చెప్పారని హీటర్ కొనొద్దు, ఎవరో వద్దన్నారని మానేయొద్దు. ముందు ఒక థర్మామీటర్ కొని, చలి గట్టిగా ఉన్న వారం రోజులు పొద్దున్నే లేవగానే నీళ్ళు ఎంత ఉన్నాయో రాసుకోండి. 24 కిందకి రోజూ దిగుతుంటే కొనండి. అరకు, పాడేరు వైపు ఉండేవాళ్ళకి మాత్రం ఈ కొలతలు కూడా అక్కర్లేదు, అక్కడ చలికి హీటర్ ఉండాల్సిందే.

థర్మామీటర్ ఎందుకు, చేయి పెట్టి చూస్తే తెలియదా?

తెలియదు. మన చేతి చర్మం వేడి 30 దాటే ఉంటుంది, కాబట్టి 26 డిగ్రీల నీళ్ళూ చల్లగానే తగులుతాయి, 22 డిగ్రీల నీళ్ళూ చల్లగానే తగులుతాయి. చేపకి ఆ రెండింటి మధ్య తేడా చాలా ఎక్కువ. గాజుకి అతికించే స్టిక్కర్ థర్మామీటర్ చవకే గానీ అది కొలిచేది గాజు వేడిని, అందులో గది వేడి కూడా కలిసిపోతుంది. నీళ్ళల్లో ముంచే గాజు థర్మామీటర్ గానీ, వైరు చివర సెన్సర్ ఉండే డిజిటల్‌ది గానీ తీసుకోండి. హీటర్ ఉంటే దానికి ఎదురు మూలలో పెట్టండి.

టేబుల్ మీద చిన్న గాజు బౌల్‌లో పెంచితే ఏమవుతుంది?

షాపులో అలాగే అమ్ముతారు కాబట్టి అలాగే పెంచొచ్చనుకుంటారు. లీటరు, రెండు లీటర్ల నీళ్ళు గది ఎలా ఉంటే అలా మారిపోతాయి. ఫ్యాన్ వేస్తే చల్లబడతాయి, కిటికీ ఎండ పడితే గంటలో వేడెక్కుతాయి. అంత తక్కువ నీళ్ళల్లో హీటర్ పెట్టడం ప్రమాదం, ఇట్టే మరీ వేడి చేసేస్తుంది. కనీసం 15, 20 లీటర్ల ట్యాంకు తీసుకోండి. వేడి సంగతి పక్కన పెట్టినా, చేప వదిలే అమ్మోనియా ఆ చిన్న బౌల్‌లో ఒకటి రెండు రోజుల్లోనే పేరుకుపోతుంది.

ట్యాంకు ఇంట్లో ఎక్కడ పెట్టాలి?

సాయంత్రం ఎండ పడే పడమటి కిటికీ దగ్గర వద్దు. ఏసీ గాలి నేరుగా తగిలే చోట వద్దు. వంటింట్లో పొయ్యి పక్కన వద్దు. ఫ్రిజ్ మీద అసలు వద్దు, చాలామంది ఇళ్ళల్లో ఖాళీగా కనిపించే చోటు అదే గానీ, కంప్రెసర్ వేడి ఒకటి, రోజంతా అదురు ఒకటి. పై అంతస్తులో ఉండేవాళ్ళు శ్లాబు వేడి తక్కువగా దిగే గదిలో, లోపలి గోడ వారగా, స్టూలు ఎత్తులో పెట్టుకుంటే సగం సమస్య ఎండాకాలం రాకముందే తీరిపోతుంది.

## చేపని తెచ్చిన రోజు

కవర్‌లో తెచ్చాను, వెంటనే ట్యాంకులో వదిలేయొచ్చా?

కాసేపు ఆగండి. పూర్ణా మార్కెట్ దగ్గర కొని గాజువాక దాకా బండి హ్యాండిల్‌కి తగిలించుకుని వచ్చేసరికి కవర్‌లో నీళ్ళ వేడి మీ ట్యాంకు వేడికి ఎక్కడా పొంతన ఉండదు. ముడి విప్పకుండా కవర్‌ని ట్యాంకు నీళ్ళ మీద 15, 20 నిమిషాలు తేలనివ్వండి. తర్వాత విప్పి, ట్యాంకు నీళ్ళు చిన్న గ్లాసుతో కొద్దికొద్దిగా ఐదేసి నిమిషాలకోసారి నాలుగైదు సార్లు పోయండి. చివర్లో చేపని మాత్రం వలతో తీసి వదలండి, కవర్ నీళ్ళు పారబోయండి. ట్యాంకు లైటు ఆ సాయంత్రానికి ఆపేయండి.

వదిలిన దగ్గర్నుంచి అడుగున పడుకునే ఉంది, చలేస్తోందా?

మొదటి రోజు, రెండో రోజు అలా ఉండటం మామూలే. ఈ చేపలు ఆకు మీద, మూలన ఆనుకుని పడుకుంటాయి కూడా. ముందు థర్మామీటర్ చూడండి. చలి వల్లే అయితే రెక్కలు విప్పకుండా ఒంటికి నొక్కిపెట్టి ఉంటుంది, రంగు వెలిసినట్టు కనిపిస్తుంది, మేత గింజ వేస్తే దాని వైపు తిరిగి చూసి మళ్ళీ అలాగే ఉండిపోతుంది. గాలి కోసం పైకి రావడం కూడా బరువుగా, ఆగి ఆగి వస్తుంది. 24 పైన ఉండి కూడా మూడు రోజులు దాటినా ఇలాగే ఉంటే సమస్య వేడి కాదు, నీళ్ళల్లో అమ్మోనియా పరీక్షించండి.

## నీళ్ళు మార్చేటప్పుడు

కుళాయి నీళ్ళు నేరుగా పోయొచ్చా?

పోయకూడదు, రెండు కారణాలు. ఒకటి, మునిసిపాలిటీ నీళ్ళల్లో క్లోరిన్ కలుపుతారు, అది చేప మొప్పల్ని పాడుచేస్తుంది. రెండోది వేడి. మే నెల మధ్యాహ్నం డాబా మీద ట్యాంకు నీళ్ళు చేయి పెట్టలేనట్టు కాలుతుంటాయి, అదే జనవరి తెల్లవారుజామున జివ్వుమంటాయి. దీనికి అన్నిటికంటే తేలిక మార్గం, రాత్రి పడుకోబోయే ముందు ఒక బకెట్ నింపి చేప ట్యాంకు ఉన్న గదిలోనే పెట్టేయడం. పొద్దున్నకి ఆ నీళ్ళూ గది వేడికి వచ్చేస్తాయి, థర్మామీటర్ ముంచి ఒకటి రెండు డిగ్రీల లోపు తేడా ఉందో లేదో చూసి పోస్తే చాలు. హీటర్ ఉన్న ట్యాంకైతే తేడా కాస్త ఎక్కువే రావచ్చు, అప్పుడు బకెట్‌లో కొంచెం వేడినీళ్ళు కలుపుకోండి. బకెట్ మూత లేకుండా ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది గానీ, కొన్నిచోట్ల దాని బదులు కలిపే క్లోరమైన్ అలా పోదు, అందుకే ఈ రెండింటినీ విరిచే కండిషనర్ మందు చుక్కలు వేయడం మానొద్దు.

ట్యాంకులో నీళ్ళు చల్లగా ఉన్నాయి, వేడినీళ్ళు కొంచెం పోసేయనా?

ట్యాంకులో వద్దు. పోసిన చోట ఒక్కసారిగా వేడెక్కుతుంది, సరిగ్గా ఆ టైముకి చేప కూడా ఏమిటా అని అక్కడికే వస్తుంది, దానికి మన చేయి కనిపిస్తే తిండి అనుకోవడం అలవాటు. పక్కన బకెట్‌లో కాచిన నీళ్ళూ చల్లనీళ్ళూ కలిపి, కండిషనర్ వేసి, థర్మామీటర్‌తో చూసి, ట్యాంకులోంచి కొంత నీరు తీసి మెల్లగా పోయండి. గంటకి ఒక డిగ్రీ కంటే ఎక్కువ పెరగకుండా చూసుకోండి.

నీళ్ళు మార్చేటప్పుడు హీటర్ ఆపాలా?

ఆపాలి, ప్లగ్ పీకేయాలి. ఆపి 15 నిమిషాలు ఆగి అప్పుడు నీళ్ళు తీయండి. వేడిగా ఉన్న హీటర్ గాలికి బయటపడితే గాజు పగులుతుంది. నీళ్ళల్లో చేయి పెట్టే ముందు కూడా ఇదే నియమం. ఇంకొకటి, ట్యాంకు నుంచి ప్లగ్‌కి వెళ్ళే వైరు సాకెట్ కంటే కిందకి ఒక వంపు తిరిగేలా వదలండి, వైరు మీద జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గర నేల మీద పడుతుంది, సాకెట్‌లోకి పోదు.

## చలికాలం

ఎన్ని వాట్ల హీటర్ తీసుకోవాలి?

లీటరుకి ఒక వాట్ అనుకుంటే మన ఊరికి ధారాళంగా సరిపోతుంది. 20 లీటర్లకి 25 వాట్లు, 40 లీటర్లకి 50 వాట్లు. ఎక్కువ వాట్లుంటే మంచిదే కదా అని 20 లీటర్లకి 100 వాట్లది తగిలించొద్దు, నీళ్ళు సెట్ చేసిన వేడికి రాగానే హీటర్‌ని ఆపే థర్మోస్టాట్ ఎప్పుడైనా ఆన్‌లో బిగుసుకుపోతే 25 వాట్లది మీకు గమనించే టైమిస్తుంది, 100 వాట్లది ఇవ్వదు. డిగ్రీలు సెట్ చేసుకునే వీలు, పూర్తిగా మునిగే రకం, పైన జాలీ తొడుగు, ఈ మూడూ చూసి కొనండి. తొడుగు ఎందుకంటే చేప హీటర్‌ని ఆనుకుని పడుకుంటుంది, దానివల్ల రెక్కలు కాలుతాయి.

స్నానం నీళ్ళకి వాడే రాడ్ రెండు నిమిషాలు పెట్టి తీసేస్తే సరిపోదా?

ససేమిరా వద్దు. ఆ రాడ్ 1000, 1500 వాట్లు ఉంటుంది, నీళ్ళు వేడెక్కగానే ఆపే థర్మోస్టాట్ దానికి ఉండదు. రెండు నిమిషాల్లో ఒక ఫోన్ వస్తే చాలు, చేప పోతుంది. చేయి పెడితే షాక్ కొట్టే ప్రమాదం వేరే.

ట్యాంకు పైన బల్బు వేలాడదీస్తే?

పై నీళ్ళు వేడెక్కుతాయి, అడుగు అలాగే ఉంటుంది. రాత్రంతా లైటు వెలిగితే చేపకి నిద్ర ఉండదు. ఆపేస్తే చల్లబడిపోతుంది. ఎటు చూసినా లాభం లేదు.

కరెంటు బిల్లు భయం, హీటర్ రాత్రి వేసి పగలు ఆపేయొచ్చా?

25 వాట్ల హీటర్ 24 గంటలూ ఆగకుండా పనిచేసినా అయ్యేది 0.6 యూనిట్. నిజానికి థర్మోస్టాట్ ఉంటే నీళ్ళు సెట్ చేసిన వేడికి రాగానే ఆగిపోతుంది, మన వైజాగ్ పగళ్ళలో చాలాసేపు వెలగనే వెలగదు. కాబట్టి మీరు ఆపి వేసే పని పెట్టుకోవద్దు, దాని పని దాన్ని చేసుకోనివ్వండి. సీజన్ మొత్తం ప్లగ్‌లోనే ఉంచేయండి.

హీటర్ లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంది, పాడైందా?

నీళ్ళు సెట్ చేసిన వేడికి వచ్చాయని థర్మామీటర్ చూపించేదాకా వెలగడం సహజం. 26కి పెట్టారు, నీళ్ళు 29 చూపిస్తున్నా లైటు ఆరలేదంటే థర్మోస్టాట్ పోయింది, అప్పుడే ప్లగ్ తీసేయండి, సరిచేయించే ప్రయత్నం కూడా వద్దు. దీనికి తిరగేసిన ఇబ్బంది ఇంకోటి: సెట్టింగ్ 26, లైటు ఆరి వెలుగుతూనే ఉంది, నీళ్ళు 24 దగ్గరే ఆగాయి. అది పాడవడం కాదు, చాలా హీటర్ల డయల్ మీది అంకె ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ ఉంటుంది. థర్మామీటర్‌ని నమ్మి డయల్ కొంచెం పైకి తిప్పండి.

మా బెడ్‌రూమ్‌లో రాత్రంతా ఏసీ, ట్యాంకు కూడా అక్కడే ఉంది

వైజాగ్‌లో ఫైటర్‌కి చలి పెట్టేది ఎక్కువగా జనవరి కాదు, మే నెల ఏసీనే. పగలు గది 32, నీళ్ళు 30. రాత్రి పదికి ఏసీ 22లో పెడతారు, తెల్లారేసరికి నీళ్ళు 24 దగ్గరకి దిగుతాయి. ఆపేస్తే మధ్యాహ్నానికి మళ్ళీ 30. ప్రతి రోజూ ఇదే ఊగిసలాట. ట్యాంకుని హాల్లోకి మార్చడం మంచిది. చోటు లేకపోతే ఏసీ 26, 27లో పెట్టుకుని ఫ్యాన్ వేసుకోండి, లేదా హీటర్‌ని 27కి సెట్ చేసి వేసవిలో కూడా వదిలేయండి. ఎండాకాలంలో హీటరా అని ఇంటికొచ్చినవాళ్ళు అడుగుతారు, అడగనివ్వండి.

## ఎండాకాలం

నీళ్ళు 32 చూపిస్తున్నాయి, చచ్చిపోతుందా?

ఒక మధ్యాహ్నం 31, 32 వచ్చి సాయంత్రానికి దిగితే ఆరోగ్యంగా ఉన్న చేప తట్టుకుంటుంది. రోజుల తరబడి 30 పైనే ఉంటే అలసిపోతుంది, తొందరగా ముసలిదవుతుంది, జబ్బులకి లొంగుతుంది. వేడి నీళ్ళల్లో ఆక్సిజన్ తక్కువ పడుతుంది. ఫైటర్ పైకొచ్చి గాలి పీల్చుకోగలదు కాబట్టి మిగతా చేపలకంటే నయం, కానీ అదే వేడికి నీళ్ళల్లో అమ్మోనియా విషం కూడా పెరుగుతుంది, దాని నుంచి ఇలా తప్పించుకోలేదు. అందుకే మే నెలలో చేయాల్సిన మొదటి పని మేత తగ్గించడం, మిగిలిన గింజల్ని పది నిమిషాల్లో తీసేయడం, నీళ్ళు కొద్దికొద్దిగా తరచుగా మార్చడం. లైటు పగలు ఆపేయండి. కిటికీకి ముదురు కర్టెన్ వేయండి.

ఐస్ ముక్కలు వేయొచ్చా?

నేరుగా వద్దు. చిన్న ప్లాస్టిక్ సీసాలో నీళ్ళు గడ్డకట్టించి, బయట తడి తుడిచి, మూత గట్టిగా బిగించి తేలేయండి. 20 లీటర్లకి పావు లీటరు సీసా చాలు. పక్కనే ఉండి చూస్తూ ఒక డిగ్రీ దిగగానే తీసేయండి. సీసా వేసి ఆఫీసుకి వెళ్ళిపోతే లాభం కంటే నష్టమే ఎక్కువ, సీసా కరిగాక నీళ్ళు మళ్ళీ పైకి పోతాయి.

హైదరాబాద్‌లో మా కజిన్ ట్యాంకు మీదికి చిన్న ఫ్యాన్ పెడితే నాలుగు డిగ్రీలు తగ్గిందట, మాకెందుకు తగ్గట్లేదు?

మీ కజిన్ అబద్ధం చెప్పలేదు. ఫ్యాన్ నీళ్ళని ఆవిరి చేసి చల్లబరుస్తుంది, గాలి ఎంత పొడిగా ఉంటే అంత ఎక్కువ ఆవిరవుతుంది. హైదరాబాద్ ఎండ పొడి ఎండ. మనది ఉక్కపోత. మన చొక్కా ఆరనట్టే ఆ నీళ్ళూ ఆవిరి కావు. ఇక్కడ ఒకటి, మహా అయితే రెండు డిగ్రీలు తగ్గుతుంది, అదీ గాలిలో తేమ తగ్గిన రోజుల్లో. అయినా పెట్టడం మంచిదే, 32 నుంచి 30.5కి వచ్చినా చేపకి తేడా తెలుస్తుంది. ఫ్యాన్ పెట్టడానికి మూత తీస్తే పైన దోమతెర గుడ్డ కట్టండి, ఈ చేప ఎగిరి నేల మీద పడుతుంది. ఆవిరైన మేరకి గది వేడిలో ఉన్న నీళ్ళు పోస్తుండండి.

నీళ్ళు చల్లబరిచే చిల్లర్ మెషిన్ కొంటే?

ఒక్క ఫైటర్ కోసం అక్కర్లేదు. ఆ డబ్బుతో ఇంకా పెద్ద ట్యాంకు కొనుక్కోండి, నీళ్ళు ఎక్కువుంటే వేడి నెమ్మదిగా మారుతుంది.

సెలవులకి వారం ఊరెళ్తున్నాం, ఇల్లు మూసేస్తాం

ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప వారం తిండి లేకున్నా ఉండగలదు. మీరు చూసుకోవాల్సింది మూసిన ఇంట్లో వేడిని. వెళ్ళే ముందు రోజు మూడో వంతు నీళ్ళు మార్చి, ట్యాంకు నిండుగా ఉంచండి, పైన ఎగరకుండా కాస్త జాగా మాత్రం వదలండి. కర్టెన్లు వేసి, లోపలి గది వెంటిలేటర్ తెరిచి ఉంచండి. పక్కింటివాళ్ళకి తాళం ఇస్తే, మేత ఎంత వేయాలో చెప్పడం కాదు, అసలు వేయొద్దని చెప్పండి. జాలిపడి గుప్పెడు వేసేస్తారు, ఆ వేడికి అది కుళ్ళిపోతుంది.

## కరెంటు పోతే

తుఫానొచ్చి రోజుల తరబడి కరెంటు లేకపోతే?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్ళో చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు, ఆ భయంతోనే చాలామంది అడుగుతారు. తుఫానులు ఎక్కువగా వచ్చే అక్టోబర్, నవంబర్ మొదట్లో మన నీళ్ళు మామూలుగానే 26, 28 మధ్య ఉంటాయి కాబట్టి హీటర్ లేదన్న దిగులు వద్దు. ఫిల్టర్ ఆగిపోవడమే ఇబ్బంది. మేత ఆపేయండి, రోజుకి కొంచెం నీళ్ళు మార్చండి, ఫిల్టర్ స్పాంజ్‌ని ట్యాంకు నీళ్ళల్లోనే ఉంచండి. తుఫాను హెచ్చరిక రాగానే తాగే నీళ్ళతో పాటు చేపకి కూడా ఒక బకెట్ పట్టి పెట్టుకోండి.

జనవరి రాత్రి కరెంటు పోతే?

ట్యాంకు చుట్టూ దుప్పటి చుట్టండి, వెనక, అడుగున థర్మకోల్ ఉంటే ఇంకా మంచిది. మూత దగ్గర గాలి ఆడేలా ఉంచండి. 20 లీటర్ల నీళ్ళు మన చలికి తెల్లారేలోగా ఒకటి రెండు డిగ్రీలే దిగుతాయి. ఇన్వర్టర్ ఉంటే 25 వాట్ల హీటర్ దానికి లెక్కే కాదు.

## ఒంట్లో బాగోలేనప్పుడు

తెల్ల మచ్చలు వచ్చాయి, వేడి పెంచితే తగ్గిపోతుందన్నారు

ఒంటి మీద ఉప్పు చల్లినట్టు కనిపించే ఇక్ అనే పరాన్నజీవి జబ్బు అయితే, రోజుకి ఒకటి రెండు డిగ్రీల చొప్పున 30 దాకా పెంచడం పనికొస్తుంది. వేడికి ఆ పరాన్నజీవి జీవితచక్రం తొందరగా తిరుగుతుంది, చేపని వదిలి నీళ్ళల్లో తిరిగే దశలోనే మందు దాన్ని చంపగలదు. కాబట్టి వేడితో పాటు మందు కూడా కావాలి, గాలి బుడగలూ పెంచాలి. మూతి దగ్గర, వీపు మీద బూడిద రంగు దూదిలాంటి పొర అయితే మాత్రం వేడి పెంచొద్దు. అది కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా అయ్యే అవకాశం ఉంది, వేడికి అది ఇంకా ఉధృతమవుతుంది. ఏదో తేల్చుకోకుండా హీటర్ తిప్పకండి.

మాటిమాటికీ పైకొచ్చి గాలి మింగుతోంది, నీళ్ళు వేడెక్కాయా?

గాలి పీల్చుకోవడానికి దాని తలలో లాబిరింత్ అనే ప్రత్యేక అవయవం ఉంది, అప్పుడప్పుడు పైకి రావడం దాని స్వభావం. కిందకి దిగకుండా పైనే ఉండిపోయి, మొప్పలు గబగబా ఆడిస్తుంటే అప్పుడు ఆలోచించాలి. వేడి చూడండి, అమ్మోనియా చూడండి, పావు వంతు నీళ్ళు అదే వేడి ఉన్నవాటితో మార్చండి.

## గుడ్లు, పిల్లలు

బుడగల గూడు కట్టింది, అంటే వేడి సరిపోయినట్టేనా?

మగ చేప హుషారుగా ఉందని చెప్పొచ్చు, అంతకుమించి లెక్క కట్టొద్దు. నీళ్ళు పాడైనా గూడు కట్టే చేపలున్నాయి. అసలు కట్టకుండా హాయిగా బతికేసేవీ ఉన్నాయి.

పిల్లలు చేయించాలనుకుంటున్నాం, ఎన్ని డిగ్రీలు పెట్టాలి?

27, 28 దగ్గర నిలకడగా ఉంచండి. ఆ వేడిలో గుడ్లు ఒకటి, ఒకటిన్నర రోజుల్లో పొదుగుతాయి, ఇంకో రెండు మూడు రోజులకి పిల్లలు ఈదడం మొదలుపెడతాయి. అక్కడి నుంచి నీళ్ళ వేడి ఎంత ముఖ్యమో నీళ్ళపైన గాలి వేడి కూడా అంతే. పిల్లలకి గాలి పీల్చే అవయవం తయారవడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, ఆ టైములో చల్లటి పొడి గాలి తగిలితే దెబ్బతింటాయి. ట్యాంకు పైన పల్చటి ప్లాస్టిక్ కవర్ కప్పి, గాలికి ఒక మూల చిన్న సందు వదలండి. మన ఊళ్ళో ఈ పనికి మార్చి, లేదా వానలు పడ్డాక ఆగస్టు, సెప్టెంబర్ అనువైన నెలలు, హీటర్ మీద పెద్దగా ఆధారపడక్కర్లేదు. ఏసీ గదిలో మాత్రం మొదలుపెట్టకండి.